తొంభైల పాటల్లో మేటి పది ఎట్ల ఎంచాలి?

1990లలో వచ్చిన తెలుగు సినిమా పాటల ఆల్బమ్‌లలో మేటి పది ఏవో జతగాళ్లతో కూర్చొని తేల్చమని పోయిన సంచికలో పాఠకులను అడిగాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో జాబితాల కన్నా తగాదాలే ఎక్కువ. ఆ తగాదాలు మంచివే. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

పదేళ్లంటే 1991 నుంచి 2000 దాకా అని మాలో ఒకడు పట్టుబట్టినాడు. అట్లయితే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ పోతుంది. ఏది లెక్క సార్?
— సి క్యాంపు, కర్నూలు

శతాబ్దాల లెక్క ఒకటితో మొదలవుతుంది, నిజమే. కానీ ‘తొంభైలు’ అన్న మాట తొమ్మిది అంకె చూసి పుట్టింది. 1990 జనవరి 1 నుంచి 1999 డిసెంబర్ 31 దాకా పెట్టుకోండి. ఆ సినిమా 1990 మే 9న విడుదలైంది, కాబట్టి లోపలే ఉంటుంది. 2000 అక్టోబర్‌లో వచ్చిన ‘నువ్వే కావాలి’ బయటికి పోతుంది. బాధగా ఉన్నా తప్పదు, దాన్ని తర్వాతి పదేళ్ల లెక్కలో వాదించుకోవచ్చు.

ఇంకో చిక్కు కూడా ఇప్పుడే తేల్చుకోండి: ఏ తేదీని పట్టుకోవాలి? సినిమా విడుదల తేదీనే పట్టుకోండి. అవార్డుల పట్టిక చూసి సంవత్సరం రాసుకుంటే తప్పు పడుతుంది, ఎందుకంటే జాతీయ అవార్డులు సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిన సంవత్సరాన్ని బట్టి ఇస్తారు. ‘శంకరాభరణం’ విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. దాని అవార్డులేమో 1979 ఖాతాలో ఉంటాయి. ఎనభైల జాబితా వేసేవాళ్లలో చాలామంది ఇక్కడే తడబడతారు.

ఒక్క పాట ఆకాశమంత ఉంటే ఆల్బమ్‌ను పదిలో పెట్టొచ్చా? ‘మాతృదేవోభవ’ కోసం మా ఇంట్లో రెండు రోజులుగా మాటల్లేవు.
— సుభాష్ రోడ్, అనంతపురం

1993 నాటి ఆ సినిమాలో ‘రాలిపోయే పువ్వా’ రాసినందుకు వేటూరికి జాతీయ అవార్డు వచ్చింది. కీరవాణి స్వయంగా పాడినారు. చిత్ర పాడిన ‘వేణువై వచ్చాను’ దానికి ఏ మాత్రం తీసిపోదు. ఈ రెండూ పదేళ్ల మేటి పాటల జాబితాలో పైవరుసలో ఉండాల్సినవి. అయినా మేటి ఆల్బమ్‌ల పదిలో దాన్ని పెట్టడానికి మనసు ఒప్పుకోవడం లేదు. మీ ఇంట్లో ఇరుపక్షాలనూ ఆ సినిమాలోని మూడో పాట పల్లవి అందుకోమని అడగండి. అక్కడ ఆగిపోయినారంటే వాళ్లు వాదిస్తున్నది పాట గురించే, ఆల్బమ్ గురించి కాదు.

దీనికి ఒక కొలత ఉంది. ఆ కాలం ఆల్బమ్‌లో మామూలుగా ఐదారు పాటలుంటాయి. బొమ్మ చూడకుండా, వరుస మార్చకుండా, మొదటి పాట నుంచి చివరి పాట దాకా రెండు పూటలు వినండి. రెండో పూట ఎన్ని పాటల దగ్గర చెయ్యి ముందుకు జరిపే మీట మీదికి పోయిందో కాగితం మీద గీతలు పెట్టండి. ఆరింటిలో ఒకటి దాటవేస్తే సరే, రెండైతే వాదించొచ్చు, మూడైతే అది పదిలోకి రాదు. బొమ్మ చూడకూడదని ఎందుకంటున్నామంటే, మనకు నచ్చిన పాటల్లో కొన్నిటిని మోసేది నృత్యమో, నటుడి మీది ప్రేమో అయి ఉంటుంది. కళ్లు మూసుకుంటే ఆ బరువు దిగిపోతుంది.

ఈ కొలతకు నిలిచేవి ఎట్ల ఉంటాయో చూడాలంటే ‘ఆదిత్య 369’ (1991) పెట్టుకోండి. రాయలవారి ఆస్థానానికి తగ్గట్టు ‘జాణవులే నెరజాణవులే’, ఈ కాలపు కుర్రకారుకు ‘సెంచరీలు కొట్టే వయస్సు మాది’. కథ కాలంలో ముందుకూ వెనక్కూ పోతుంటే పాటల తీరు కూడా దానితోపాటు మారింది. ఇళయరాజా ఒక్కరి చేతిలోంచే రెండు యుగాలు వచ్చినాయి. ‘గులాబి’ (1995) దారి వేరు. శశి ప్రీతమ్ సంగీతం, సిరివెన్నెల సాహిత్యం మొదటి నుంచి చివరిదాకా ఒకే వయసులో ఉంటాయి. సునీతకు పేరు తెచ్చిన ‘ఈ వేళలో నీవు’ వినండి: గొంతు ఎక్కడా పైకి తోసుకురాదు, తనలో తాను అనుకుంటున్నట్టే సాగుతుంది. దాని పక్కనే ‘మేఘాలలో తేలిపొమ్మన్నది’ పరుగు. ఒకటి ఇంకోదాన్ని నిలబెడుతుంది. ‘క్షణ క్షణం’ (1991), ‘నిన్నే పెళ్ళాడతా’ (1996) కూడా ఈ పరీక్షకు తట్టుకుంటాయి. రెండోదానిలో ‘ఎటో వెళ్ళిపోయింది మనసు’ ఒక్కటే గుర్తున్నవాళ్లు ‘కన్నుల్లో నీ రూపమే’ మళ్లీ పెట్టుకోండి.

‘అన్నమయ్య’ పాటలు అన్నమయ్యవే కదా. వాటిని 1997 ఆల్బమ్‌గా లెక్కపెట్టడం న్యాయమేనా?
— ఏడురోడ్లు, కడప

తాళ్ళపాక ఉన్న సీమ నుంచి ఈ ప్రశ్న రావడం సంతోషం. సాహిత్యం అన్నమయ్యదే. కానీ తిరుమల భండారంలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గాని స్వరం లేదు. ఈరోజు మనం పాడుకునే వరుసల్లో దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దంలో, ఆ తర్వాత కట్టినవే. వాటిలో ఎన్నో కట్టినవారు అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979). కాబట్టి అన్నమయ్య కీర్తన అనగానే వరుస కూడా అయిదు వందల ఏళ్ల నాటిదని అనుకోవడం పొరపాటు.

సినిమా విషయానికొస్తే రెండు చేతుల పని వేరు చేసి చూడండి. ‘బ్రహ్మ కడిగిన పాదము’ లాంటివి ముందే జనం నోట ఉన్నవి. అక్కడ కీరవాణి చేసింది వాద్యాలను అమర్చడం, కథలో సందర్భానికి పట్టు ఇవ్వడం. ‘తెలుగు పదానికి జన్మదినం’ వేటూరి కొత్తగా రాసింది, అది పూర్తిగా ఆ సినిమా సొత్తే. రెండు రకాలూ ఒకే గుడిలో వినబడినట్టు కలిసిపోవడమే ఆ ఆల్బమ్ గొప్ప. కీరవాణికి ఆ ఏడాది సంగీతానికి జాతీయ అవార్డు వచ్చింది. పదిలో పెట్టండి. ‘సాహిత్యం: అన్నమాచార్య, వేటూరి తదితరులు’ అని పక్కన రాయడం మాత్రం మరవొద్దు.

డబ్బింగ్ ఆల్బమ్‌లు కలపాలా?
— ప్రొద్దుటూరు

వేరే పట్టిక వేయండి. ‘రోజా’ (1992) కలిపితే రహ్మాన్ డబ్బింగ్‌లన్నీ వరుసగా వచ్చి కూర్చుంటాయి, నేరుగా తెలుగు మాట మీద కట్టిన పాటకు చోటు తగ్గుతుంది. అట్లని తక్కువ చేయొద్దు. పెదవుల కదలికకు, ముందే ఉన్న వరుసకు అక్షరాలు సరిపెట్టి రచయిత రాజశ్రీ తెలుగులో చేసిన పని సామాన్యం కాదు. రహ్మాన్ నేరుగా తెలుగుకు చేసిన ‘సూపర్ పోలీస్’, ‘గ్యాంగ్ మాస్టర్’ (రెండూ 1994) అసలు పట్టికలో వాదించొచ్చు.

పాత క్యాసెట్ పెడితే పాట మూగగా ఉంది, మొబైల్‌లో గలగలా ఉంది. ఏది విని తీర్పు చెప్పాలి?
— ఆదోని

ముందు క్యాసెట్‌కు న్యాయం చేయండి. మూగతనం చాలాసార్లు టేపుది కాదు, టేప్ రికార్డర్‌లో టేపుకు ఆని పాటను చదివే హెడ్‌ది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి హెడ్‌ను తుడవండి, దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా. టేపును లాగే రబ్బరు చక్రానికి ఆల్కహాల్ వద్దు, రబ్బరు ఎండిపోతుంది. కొంచెం సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. ఆ చక్రం జిడ్డుగా ఉంటే టేపును మింగుతుంది. తర్వాత క్యాసెట్ మధ్యలో టేపు వెనక ఉన్న చిన్న ఫెల్ట్ ముక్క ఊడిందేమో చూడండి. అది లేకపోతే టేపు హెడ్‌కు ఆనదు, తాళాలు, గజ్జెలు వినబడవు. టేపు బుస తగ్గించే డాల్బీ మీట నొక్కి ఉంటే తీసేయండి. డాల్బీ లేకుండా రికార్డు చేసిన టేపుకు ఆ మీట పైశబ్దాలను కోసేస్తుంది. అప్పటికీ మూగగా ఉంటే హెడ్ పక్కన స్ప్రింగున్న స్క్రూను పాట నడుస్తుండగా కొద్దికొద్దిగా, పావు చుట్టు దాటకుండా తిప్పండి. గజ్జెలు మెరిసిన చోట ఆపండి.

వేగం కూడా సరిచూడండి. ఐదు నిమిషాల పాట 17 సెకన్లు ముందే అయిపోతే టేపు ఆరు శాతం వేగంగా తిరుగుతోంది, శ్రుతి ఒక స్వరస్థానం పైకి పోయినట్టే. ఆ లెక్కన విని ‘గాయకుడు ఎంత పైస్థాయిలో పాడినాడో’ అని మెచ్చుకుంటే అది మోటారుకు వేసిన మార్కు. బెల్టు సాగితే దీనికి తలకిందులు: పాట నిదానించి ఊగుతుంది.

మొబైల్‌కూ లోపాలున్నాయి. దాని స్పీకర్‌లో కింది శబ్దాలు రావు. ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్ అడుగున ఇంకో వరుస పాడుతుంటుంది, అది సగం పోతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. యాప్ సెట్టింగ్‌లలో అన్ని పాటల శబ్దాన్నీ సమానం చేసే మీట ఉంటే వేసుకోండి. రెండు పాటల్లో కొంచెం పెద్దగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది. మళ్లీ పాడించిన పాటలు అదే పేరుతో దొరుకుతాయి, కాబట్టి గాయకుడి పేరు, పాట నిడివి క్యాసెట్ అట్టతో పోల్చుకోండి.

ఇంకో మాట. ఐదు నిమిషాల పాటలు ఆరైతే అరగంట, అంటే 60 నిమిషాల టేపులో ఒక పక్క. అందుకే ఆ రోజుల్లో ‘ఎ’ పక్క ఒక సినిమా, ‘బి’ పక్క ఇంకో సినిమా వేసి అమ్మినారు. బి పక్కన పడిన సినిమాను చాలా ఇళ్లలో ఎవరూ సరిగా వినలేదు. మీ దగ్గరున్న వాటిని తిరగేసి బి పక్కలు వినండి, మీ పదిలోకి రావాల్సినవి అక్కడ ఉండొచ్చు.

నేపథ్య సంగీతానికి మార్కులుంటాయా? ‘ప్రేమించుకుందాం రా’ (1997)కు ఇద్దరున్నారు కదా.
— కడప

ఆల్బమ్ ఓటులో పాటలకే మార్కులు, అంటే అక్కడ మహేష్ మహదేవన్ పనికి. మణిశర్మ నేపథ్య సంగీతం సినిమా ఖాతాలోది.

ఎనిమిది మందిమి. ఒకటో స్థానానికి 10, రెండోదానికి 9, ఇట్ల మార్కులు వేస్తే ఎవరికీ ప్రాణంగా లేని ఆల్బమ్ పైకి వచ్చింది. ఎక్కడ తప్పినాం?
— గుంతకల్లు

మార్కుల మెట్లు సమానంగా ఉండటమే తప్పు. ఒక ఆల్బమ్‌ను ముగ్గురు ఒకటో స్థానంలో పెట్టి ఐదుగురు వదిలేస్తే 30. ఇంకోదాన్ని ఎనిమిది మందీ ఏడో స్థానంలో పెడితే 32. ‘పర్వాలేదు’ గెలిచి ‘ప్రాణం’ ఓడింది. వరుసగా 15, 12, 10, 8, 6, 5, 4, 3, 2, 1 వేయండి. మొదటిది 45కు పోతుంది, రెండోది 32 దగ్గరే ఉంటుంది. ఒక్కడి పిచ్చి ప్రేమ జాబితాను వంచకుండా, కనీసం ముగ్గురి పట్టికల్లో ఉన్నదానికే ప్రవేశం అనుకోండి.

ఒక సంగీత దర్శకుడికి రెండే అని కొందరు హద్దు పెడతారు. వద్దు. తొంభైలలో కీరవాణి అంత పని చేసినప్పుడు ఆయనవి నాలుగు వస్తే రానివ్వండి.

ఓటుకు ముందు అందరూ అన్నీ విని ఉండాలి. పేర్లు నలభై తేలితే, అరగంట చొప్పున 20 గంటలు. రాత్రికొకటి వింటే 40 రోజులు. వినని ఆల్బమ్‌కు ఎవరూ మార్కు వేయకూడదు, సున్నా కూడా. వినేదాకా ఆ గడి ఖాళీగా ఉంచండి.