హెల్త్ పాలసీ ఎనలిస్టు ఫౌండేషన్ అధ్యక్షుడు కావాలంటే

అమెరికాలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చదువుతున్నానని, పాలసీ ఎనలిస్టుగా మొదలుపెట్టి ఏనాటికైనా ఒక ఆరోగ్య ఫౌండేషన్‌కు నాయకత్వం వహించాలని ఉందని, డాక్టరు చదువు లేకపోవడం అందుకు అడ్డవుతుందా, పీహెచ్‌డీ తప్పనిసరా అని మీరు అడిగారు. నేను ఒక రాష్ట్ర ప్రభుత్వపు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ఫెడరల్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే ఆరోగ్య బీమా) కార్యాలయంలో చాలాకాలం ఎనలిస్టుగా పనిచేసి, ఇప్పుడు ఒక మధ్యస్థాయి ఫౌండేషన్‌లో పరిశోధన విభాగం చూస్తున్నాను. అధ్యక్ష పదవిలో నేనెప్పుడూ లేను, ఆ పదవిలో ఉన్నవారి దగ్గర పనిచేశాను. ఆ మేరకే ఈ జవాబు.

డాక్టరు చదువు లేకపోవడం అడ్డు కాదు. ఈ రంగంలో అందరూ ముందుగా చెప్పే పేరు డ్రూ ఆల్ట్‌మన్. ఆయన ఎంఐటీలో రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. అధ్యక్షుడు కార్టర్ హయాంలో మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకిచ్చే ఆరోగ్య బీమా), మెడికెయిడ్‌లను నడిపే ఫెడరల్ సంస్థలో పనిచేసి, తర్వాత రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్‌లో ఉపాధ్యక్షులుగా ఉండి, 1986 నుంచి 1989 దాకా న్యూజెర్సీ మానవ సేవల శాఖకు కమిషనర్‌గా వ్యవహరించి, ఆ పైన కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ పగ్గాలు చేపట్టారు. చాలాకాలం కామన్‌వెల్త్ ఫండ్ అనే మరో ఆరోగ్య ఫౌండేషన్‌ను నడిపిన కరెన్ డేవిస్ ఆర్థికశాస్త్రవేత్త. ఆమె కూడా అంతకుముందు ఫెడరల్ ఆరోగ్య శాఖలో విధాన రూపకల్పన బాధ్యతలు చూశారు. వైద్యుల దారి వేరే ఉంది. ఉస్మానియా వైద్య కళాశాలలో చదివి, ఢిల్లీ ఎయిమ్స్‌లో హృద్రోగ విభాగానికి నేతృత్వం వహించిన డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి, 2006లో మొదలైన పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షులయ్యారు. అయితే మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది ఆల్ట్‌మన్, డేవిస్‌ల దారే. ఆ ఇద్దరూ ఫౌండేషన్ అధినేతలు కావడానికి ముందు ప్రభుత్వంలో పనిచేశారన్నది గమనించండి. నా సలహా కూడా అదే: పట్టా చేతికి రాగానే ఫౌండేషన్లకు దరఖాస్తులు పెట్టకుండా, ముందు కొన్నేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో, వీలైతే బడ్జెట్ తయారయ్యే చోట, పనిచేయండి.

ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. మెడికెయిడ్‌లో వయోజనుల పళ్ల వైద్యం రాష్ట్రాలు తమ ఇష్టంతో ఇచ్చే సదుపాయం కాబట్టి, ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా మొదటి కోత దాని మీదే పడుతుంది. మా రాష్ట్రంలో ఒక ఏడాది అలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు మేము పట్టికలు, అనుబంధాలతో దళసరి నివేదిక ఒకటి పంపాం. శాసనసభ బడ్జెట్ కమిటీ సిబ్బందిలో ఒకావిడ దాన్ని పక్కన పెట్టి, “ఇది తీసేస్తే మా ఖజానాలో నిజంగా ఎంత మిగులుతుంది?” అని ఒకే ఒక ప్రశ్న వేశారు. మా రాష్ట్రంలో మామూలు మెడికెయిడ్ ఖర్చులో సగం ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది కనుక, ఒక డాలరు వైద్యం కోస్తే రాష్ట్రానికి మిగిలేది అర డాలరే, తక్కిన అర డాలరు రాష్ట్రానికి రాకుండా పోతుంది. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం (ఒబామాకేర్) కింద మెడికెయిడ్‌లో కొత్తగా చేరిన వయోజనుల విషయంలోనైతే ఫెడరల్ వాటా 90 శాతం కాబట్టి, డాలరు కోతకు మిగిలేది పది సెంట్లే. పైగా పన్ను నొప్పి భరించలేక ఎమర్జెన్సీకి పరిగెత్తిన మనిషికి అక్కడ దొరికేవి నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్స్ మాత్రమే. పన్ను అలాగే ఉంటుంది, బిల్లు మాత్రం మెడికెయిడ్‌కే వస్తుంది. ఈ సంగతులన్నీ మా నివేదికలో ఎక్కడో లోపలి పేజీల్లో ఉన్నాయి. వాటిని ఒకే పేజీలో, మిగులు ఎంతన్నది మొదటి వాక్యంగా రాసి మళ్లీ పంపాక కమిటీలో చర్చ ఆ మిగులు చుట్టూనే నడిచింది. ఏ అంకె ఎవరి చేతికి ఎప్పుడు అందాలన్నది తరగతి గదిలో నేర్పరు, నేర్పినా పట్టుబడదు.

ఇక అధ్యక్షుడి పని ఎనలిస్టు పనికి కొనసాగింపు అనుకోకండి. విశ్లేషణ అక్కడ రోజులో చిన్న భాగం. బోర్డు సభ్యులను ఒప్పించడం, మూలనిధి పెట్టుబడులను కనిపెట్టి ఉండడం, మంచి ప్రతిపాదనలకు సైతం కాదని చెప్పడం ఎక్కువ. ప్రైవేటు ఫౌండేషన్లు సాధారణంగా ఏటా తమ ఆస్తుల విలువలో సుమారు 5 శాతం ఖర్చు పెట్టాలని చట్టం చెబుతుంది. ఆ డబ్బు ఎటు పోవాలన్నదే అసలు నిర్ణయం. ఆల్ట్‌మన్ గొప్పతనం నా దృష్టిలో ఇక్కడే ఉంది. హెన్రీ కైజర్ 1948లో స్థాపించిన ఆ ఫౌండేషన్‌ను, పదిమందికీ గ్రాంట్లు పంచే సంస్థగా ఉంచకుండా, సొంతంగా విశ్లేషణలు, అభిప్రాయ సేకరణలు చేసే సంస్థగా ఆయన 1990లలో మార్చారు. 2009లో వార్తా విభాగం కూడా తోడైంది. (కైజర్ పర్మనెంటె ఆస్పత్రులకూ ఈ సంస్థకూ సంబంధం లేదు; మనవాళ్లు చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.) ప్రైవేటు ఫౌండేషన్లు లాబీయింగ్ (ఫలానా బిల్లుకు ఓటేయమని, వేయొద్దని చట్టసభలపై ఒత్తిడి తేవడం) చేయకూడదు గానీ, పక్షపాతం లేని విశ్లేషణ ప్రచురించవచ్చు. అందుకే ఏ పార్టీ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చినా ఒకే అంకె చెబుతారన్న పేరు ఈ రంగంలో అన్నిటికన్నా విలువైన ఆస్తి. అది ఒకసారి పోతే ఎన్ని నివేదికలు వేసినా తిరిగి రాదు.

పీహెచ్‌డీ సంగతి క్లుప్తంగా చెబుతాను. పరిశోధన మీద నిజమైన ఆసక్తి ఉంటే చేయండి, పదవి కోసమైతే వద్దు. ఆ ఏళ్లలో ప్రభుత్వంలో సంపాదించే పరిచయాలు, అనుభవం ఎక్కువ అక్కరకొస్తాయి.

మీరు స్టూడెంట్ వీసా మీద ఉన్నట్లయితే మరో విషయం గమనించాలి. ఫెడరల్ ఉద్యోగాలు దాదాపుగా పౌరులకే ఇస్తారు. రాష్ట్ర ప్రభుత్వాల్లో హెచ్1బీ స్పాన్సర్ చేసేవీ ఉన్నాయి, చేయనివీ ఉన్నాయి, ఇంటర్వ్యూకు ముందే అడిగి తెలుసుకోండి. లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు లాటరీ నుంచి మినహాయింపు ఉంటుంది గానీ ప్రతి ఫౌండేషన్ ఆ కోవలోకి రాదు. రాష్ట్రాల మెడికెయిడ్ శాఖలతో కలిసి పనిచేసే పరిశోధన కేంద్రాలు కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ప్రభుత్వంలో నేరుగా చేరలేని మన విద్యార్థులకు నేను ముందుగా సూచించేది వాటినే.