లాగ్ చెరిపేసినా డిస్క్ నిండుగానే ఉందేం?

ప్రశ్న: పర్లాకిమిడిలో మా మావయ్య హోల్‌సేల్ కొట్టు బిల్లింగ్ అంతా ఒక ఉబుంటు లినక్స్ సర్వర్ మీదే నడుస్తుంది. మొన్న డిస్క్ నిండిపోయి బిల్లులు ఆగాయి. పాతపట్నం నుంచి వచ్చిన బేరగాళ్లు ఆటోలు ఆపుకుని నిలబడ్డారు. 40 జీబీ లాగ్ ఫైల్ (ప్రోగ్రామ్ తన పనుల చిట్టా రాసుకునేది) చెరిపేశాను, అయినా 100 శాతమే చూపిస్తోంది. ఒకటే టెన్షన్!

జవాబు: కంగారు పడకండి, ఈ దెబ్బ తినని వాళ్లు మా లైన్‌లో తక్కువ. లినక్స్‌లో ఫైల్ చెరిపితే పోయేది దాని పేరు మాత్రమే, ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉంటే అది వదిలేదాకా చోటు ఖాళీ కాదు. గేటు మీది నేమ్ బోర్డు పీకినంత మాత్రాన అద్దెకున్నాయన ఇల్లు ఖాళీ చేసినట్టా? టెర్మినల్‌లో అడ్మిన్ హక్కులిచ్చే సుడో పెట్టి ‘sudo lsof +L1’ అని కొట్టండి, పట్టుకున్న ప్రోగ్రామ్ పేరు, ఫైల్ పక్కన ‘డిలీటెడ్’ అని కనిపిస్తాయి. ఆ ప్రోగ్రామ్ ఒక్కదాన్ని రీస్టార్ట్ చేస్తే చాలు, మొత్తం సర్వర్‌ని ఆపక్కర్లేదు. డేటాబేస్ అయితే మాత్రం బిల్లులు లేని వేళ చూసుకుని, బ్యాకప్ తీశాకే ముట్టుకోండి.

ఇకమీదట లాగ్‌ని చెరపొద్దు, ‘ట్రంకేట్’ (truncate) కమాండ్‌తో దాని సైజు సున్నా చేయండి. అసలు పాత లాగ్‌లని తనే తీసేసే లాగ్‌రొటేట్‌లో ఆ ఫైల్‌ని చేర్చి ఉంటే ఇంతదూరం వచ్చేదే కాదు. డిస్క్ 80 శాతం దాటగానే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో చిన్న స్క్రిప్ట్ కూడా పెట్టుకోండి, మావయ్య ఫోన్‌కి వద్దు, ఆయనకి నిద్ర పట్టదు.