సమాధానం: రాజధానులు బట్టీ పట్టించకండి, కథ చెప్పండి

క్విజ్‌లో మీ పాప ఆస్ట్రేలియా రాజధాని సిడ్నీ అని, బ్రెజిల్‌ది రియో అని రాసేస్తోందనీ, జాబితా ఎంత బట్టీ పట్టించినా నిలవట్లేదనీ అడిగారు కదండీ. ఆ జాబితా పక్కన పెట్టేయండి. ఆ ఊరే రాజధాని ఎందుకైందో చెబితే పేరు దానంతటదే గుర్తుండిపోతుంది.

సిడ్నీ, మెల్‌బోర్న్ రెండూ రాజధాని మాకే కావాలని పట్టుబట్టాయి. అందుకని రాజధాని సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే ఉండాలి, కానీ సిడ్నీకి కనీసం 100 మైళ్ల దూరంలో ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అలా గొర్రెలు మేసే నేల మీద కాన్‌బెర్రా వెలిసింది. 1927లో పార్లమెంటు మెల్‌బోర్న్ నుంచి అక్కడికి మారింది. పాప చేత మ్యాప్‌లో ఒక వేలు సిడ్నీ మీద, ఇంకో వేలు మెల్‌బోర్న్ మీద పెట్టించండి. మధ్యలో కాన్‌బెర్రాని తనే వెతుక్కోవాలి. ఇక మర్చిపోదు!

బ్రెజిల్‌ది ఇంకో రకం. జనమంతా సముద్ర తీరంలోనే ఉండిపోతున్నారని, లోపలి ప్రాంతాన్ని పైకి తేవడానికి బ్రసీలియా కట్టి 1960లో అక్కడికి మారారు. టర్కీ 1923లో ఇస్తాంబుల్‌ని వదిలి అంకారాకు వెళ్లింది.

కజకిస్తాన్ దగ్గర మాత్రం జాగ్రత్త. 2019 నుంచి 2022 దాకా దాని రాజధాని పేరు నూర్‌సుల్తాన్. ఆ మధ్య అచ్చయిన క్విజ్ పుస్తకాల్లో అదే ఉంటుంది. ఇప్పుడు మళ్లీ అస్తానా.