చావు కబురు చల్లగా చెప్పిన పాట

తమ్ముడూ,

నీ కథ తీరిగ్గా చదివాను. భాష నీ చేతిలో ఉంది, అందులో అనుమానం లేదు. తాతయ్య చుట్టలపెట్టె, ఆయన గొణుగుడు, పెద్దకొడుక్కీ ఆయనకీ ఏళ్ళ తరబడి మాటల్లేకపోవడం, ఇవన్నీ కళ్ళతో చూసి రాసినవని తెలిసిపోతోంది. కానీ మొదటి వాక్యంలోనే తాతయ్య పోయాడని చెప్పేశావు. అక్కణ్ణుంచి ఏడుపే ఏడుపు. అమ్మ ఏడుస్తుంది, అత్త ఏడుస్తుంది, చివరికి పాలేరు కూడా గుండెలు బాదుకుంటాడు. పాత్రలే అంత ఏడ్చేస్తే చదివేవాడికి పనేం మిగిలింది చెప్పు?

ఏడుపు తగ్గించమంటారా అన్నా అని అడుగుతావు, నాకు తెలుసు. ఎంత ఏడవాలన్నది కాదు ఇక్కడ గొడవ, చావు కబురు ఎప్పుడు చెప్పాలి, ఎవరి నోట చెప్పించాలి అన్నది. దీనికి సూత్రాలు చెప్పడం నాకు చేతకాదు గానీ ఒక పాట సంగతి చెప్తాను. మన పాట కాదు, అమెరికాలో నాష్‌విల్‌లో తయారైన కంట్రీ పాట. టోపీలు పెట్టుకుని గిటార్ వాయించేవాళ్ళ గోల అని నువ్వు కొట్టిపారేసే సంగీతమే అది. ఆ టోపీల కింద పల్లెటూళ్ళు, తాగుడు, విడాకులు, చర్చిలు, శవయాత్రలు ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా కథలు ఉంటాయి, మూడు నిమిషాల్లో ముగిసిపోయే కథలు.

పాట పేరు 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'. అతను ఇవాళ్టితో ఆమెని ప్రేమించడం మానేశాడు అని. బాబీ బ్రాడక్, కర్లీ పట్‌మన్ కలిసి రాశారు, జార్జ్ జోన్స్ పాడాడు, 1980 ఏప్రిల్‌లో విడుదలైంది. పేరు వినగానే ఏమనుకుంటాం? హమ్మయ్య, ఎలాగో బయటపడ్డాడు అనుకుంటాం. అలా అనుకోవడమే రాసినవాళ్ళకి కావాలి.

మొదట్లోనే అతను చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానంటాడు, ఆమె కొన్నాళ్ళు పోతే నువ్వే మర్చిపోతావులే అంటుంది. కథంతా ఈ మొదటి మాటలోనే ఉంది చూడు, దాచనే లేదు, మన ఎదురుగానే పెట్టారు. కాకపోతే ప్రేమించినవాళ్ళందరూ అనే మాటే కాబట్టి మనం పట్టించుకోం. తర్వాత ఏళ్ళు గడుస్తాయి. గోడ మీద ఆమె ఫొటో అలాగే ఉంటుంది. మంచం పక్కన కొన్ని ఉత్తరాలు, 1962 నాటివి. వాటిల్లో ఐ లవ్ యూ అని ఉన్న ప్రతిచోటా అతను ఎర్రగా గీత గీసుకున్నాడు.

ఆ ఎర్రగీతల దగ్గర కాసేపు ఆగు. ఆ మనిషికి పేరు పెట్టలేదు, ఏ ఊరో చెప్పలేదు, ఏం పని చేసి బతికాడో తెలీదు, ఆమె ఎందుకు వెళ్ళిపోయిందో అసలే తెలీదు. మనకి ఇచ్చిందల్లా ఒక ఏడాది, ఒక రంగు. అంతమాత్రానికే పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారిలా రాత్రిపూట ఒంటరిగా కూర్చుని పాత కాగితాల మీద గీతలు గీసుకుంటున్న మనిషి కళ్ళ ముందుకొస్తాడు. 1962 అన్నది ఇంగ్లీషులో చివర 'టూ' అని పలుకుతుంది, దానికి 'యూ' ప్రాస కుదురుతుంది, ఆ ఏడాది ప్రాస కోసమే వచ్చి ఉండొచ్చని నా అనుమానం. వస్తే రానీ. వచ్చాక నిజంలా కూర్చుందా లేదా అన్నదే లెక్క. నీ కథలో చుట్టలపెట్టె అలా కూర్చుంది. దాన్ని ఒక్కసారి చూపించి వదిలేశావు, దాని పక్కనే తాతయ్య మంచితనం గురించి ఒక పేరా ఉపన్యాసం ఇచ్చావు. ఆ పేరా కొట్టెయ్యి, ఏమీ నష్టం లేదు.

ఇక అసలు పనితనం. కథ చెప్పేవాడు పాటలో చాలాసేపటిదాకా కనపడనే కనపడడు. అప్పుడొచ్చి, ఇవాళే వాణ్ణి చూసొచ్చాను, కంట్లో చుక్క నీరు లేదు, ఎక్కడికో బయల్దేరినట్టు మంచి బట్టలేసుకుని ఉన్నాడు, ఎన్నాళ్ళకో వాడి మొహాన నవ్వు చూశాను అంటాడు. ప్రతి మాటా నిజమే, ఒక్క అబద్ధం లేదు. మనమే తప్పుగా అర్థం చేసుకుంటాం. వెంటనే పల్లవి అందుకుంటుంది, వయొలిన్లు లేస్తాయి, తలుపుకి పూలచక్రం కట్టారని, ఇంకాసేపట్లో మోసుకెళ్తారని వింటాం. వాళ్ళ దగ్గర చావు జరిగిన ఇంటి తలుపుకి అలా కట్టడం ఒక ఆనవాయితీ. పోయాడు, చనిపోయాడు అన్న ముక్క ఎక్కడా అనరు. చచ్చేదాకా అన్నాడు, చచ్చేదాకా ప్రేమించాడు, ఇవాళ మానేశాడు. మన పెద్దవాళ్ళు చావు కబురు చల్లగా అని ఎగతాళిగా అంటారే, ఇక్కడ ఆ చల్లదనమే మనిషిని కోసేస్తుంది.

ఈ పాట రాసిన ఇద్దరికీ ఇది కొత్త విద్యేం కాదు. 1968లో టామీ వైనెట్ అనే కంట్రీ గాయనికి ఒక పాట రాశారు, అందులో తల్లి విడాకులన్న మాట నోటితో అనకుండా ఇంగ్లీషులో ఒక్కో అక్షరం విడదీసి పలుకుతుంది, పక్కనున్న చిన్నపిల్లాడికి అర్థం కాకూడదని. అదీ కంట్రీ పాటల జాబితాలో నంబర్ వన్ అయింది. చెప్పాల్సినదాన్ని అడ్డంగా చెప్పడం వాళ్ళకి చేతిలో పని. అంత చేతనైనవాళ్ళే ఈ పాటని మొదట సరిగ్గా రాయలేకపోయారు, నీకు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

పాటని పట్టుకున్నది బిల్లీ షెరిల్ అనే రికార్డ్ ప్రొడ్యూసర్. మన సినిమావాళ్ళ లెక్కలో డబ్బు పెట్టేవాడు కాదు, పాట చివరికి ఎలా వినపడాలో తేల్చే మనిషి. జోన్స్ తన ఆత్మకథలో చెప్పిందాన్ని బట్టి, తొలి రూపాల్లో ఆ మనిషి మరీ ముందే చచ్చిపోయేవాడు. షెరిల్ ఒప్పుకోలేదు. వాణ్ణి ఇక్కడ కాదు ఇంకోచోట చంపండి, ఆమె శవం చూడ్డానికి రావాలి అని వెంటపడి మళ్ళీ మళ్ళీ రాయించాడు. ఆయన దగ్గర అంగుళం మందాన ఒక నోట్‌బుక్ ఉండేదట, దాన్నిండా ఈ ఒక్క పాట తిరగరాతలేనట. పేరున్న ఇద్దరు రచయితలు, పట్టుమని ఇరవై పంక్తులున్న పాట, అంగుళం మందం కాగితాలు! నీ కథ మీద నేను పెట్టిన గుర్తులు చూసి చిన్నబుచ్చుకుంటావేమో గానీ, వాళ్ళు పడ్డ చాకిరీ ముందు మనదెంత?

ఆ పోరు వల్ల వచ్చిన ముక్క ఏమిటో తెలుసా, ఆమె రావడం. ఆ నాలుగు పంక్తులూ పాడడు, మామూలుగా మాట్లాడతాడు, వెనకాల ఒక ఆడగొంతు మాటల్లేకుండా పైస్థాయిలో వినపడుతూ ఉంటుంది. ఆఖరిసారి వాణ్ణి చూడ్డానికి ఆమె వచ్చింది, వస్తుందా రాదా అని మేమందరం అనుకున్నాం అంటాడు. ఆ 'మేమందరం'తో అప్పటిదాకా ఒక్కడి కథ కాస్తా ఊరందరి కథ అయిపోయింది. అంటే ఇన్నేళ్ళూ అందరికీ తెలుసు, అందరూ చూస్తూనే ఉన్నారు, చావింట్లో కూడా చెవులు కొరుక్కుంటూ తలుపు వైపే చూశారు. ఆమె ఏడ్చిందా, ఏమన్నా అందా, ఎంతసేపు నిలబడింది, ఏదీ చెప్పరు. అసలు రావడమే పెద్ద సంగతి. నువ్వైతే అక్కడ ఆమెకి రెండు పేజీల డైలాగు రాసేవాడివి.

పాడినాయన సంగతి కూడా కాస్త చెప్పాలి. జార్జ్ జోన్స్ 1931లో టెక్సస్‌లో పుట్టాడు. గొంతు గురించి ఎవరికీ రెండో మాట లేదు గానీ, మనిషి మాత్రం తాగుడులో కొట్టుకుపోయాడు. కచేరీలు ఎగ్గొట్టి ఎగ్గొట్టి 'నో షో జోన్స్', అంటే కచేరీకి రాని జోన్స్ అని పేరు తెచ్చుకున్నాడు. ఇందాక చెప్పిన టామీ వైనెట్ ఆయన భార్యే, 1975లో విడాకులయ్యాయి. డబ్బుపరంగా దివాళా తీశాడు, ఐదారేళ్ళుగా సొంతంగా పాడిన పాట ఒక్కటీ నంబర్ వన్ కాలేదు. ఈ పాట వినిపిస్తే ఆయనకి నచ్చలేదు. ఆయన పాడుతుంటే ట్యూన్ కూడా పదే పదే ఇంకో పాట బాణీలోకి జారిపోయేదని షెరిల్ మొత్తుకునేవాడట. పాడకుండా మాట్లాడాల్సిన ఆ నాలుగు పంక్తులు మరీ కష్టమయ్యాయి. తాగి ఉన్నా పాడగలను గానీ నాలిక మడతపడకుండా మాట్లాడలేను, అందుకే మూడు నిమిషాల పాట పూర్తవడానికి 18 నెలలు పట్టింది అని ఆయనే రాసుకున్నాడు. తీరా అయ్యాక, ఇంత చావు కంపు కొట్టే పాట ఎవడు కొంటాడని బూతు కలిపి మరీ అన్నాడు.

కొన్నారు. జూలైకల్లా బిల్‌బోర్డ్ పత్రిక వేసే కంట్రీ పాటల జాబితాలో మొదటి స్థానం. జోన్స్‌కి గ్రామీ అవార్డు వచ్చింది, రాసినవాళ్ళకి కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే ఆ ఏటి పాట అవార్డు 1980లోనూ 1981లోనూ, వరసగా రెండేళ్ళు, ఇదే పాటకి వచ్చింది. ఒక కచేరీకి 2,500 డాలర్లు తీసుకునేవాణ్ణి, ఆ తర్వాత 25,000 ఇచ్చారని ఆయనే చెప్పుకున్నాడు. 2008లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని భద్రపరచాల్సిన రికార్డుల జాబితాలో చేర్చింది. 2013లో జోన్స్ పోయినప్పుడు నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఓప్రీ హౌస్ అనే కంట్రీ కచేరీల హాల్లో జరిగిన అంత్యక్రియల్లో అలన్ జాక్సన్ అనే కంట్రీ గాయకుడు ఈ పాటే పాడాడు, చివర టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. సమాధి మీద కూడా పాట పేరు చెక్కారు.

అలాగని ఇందులో వంకలు లేవని కాదు. పల్లవిలో వయొలిన్ల మోత నాకు ఎక్కువనిపిస్తుంది, నువ్వు ఏడవాల్సింది ఇక్కడే అని భుజం తట్టి చెప్తున్నట్టుంటుంది. ఇంకొకటి, ఏళ్ళ తరబడి ఒకామె ఫొటో పెట్టుకుని కూర్చోవడం ప్రేమా, మొండితనమా? ఆమె వైపునుంచి చూస్తే కాస్త భయం కూడా వేస్తుంది. ఈ రోజుల్లో రాస్తే ఆమె కథ కూడా అడుగుతారు, అడగాలి కూడా. అయినా పాట నిలబడటానికి కారణం, కథ చెప్పేవాడు ఎక్కడా వీడిది గొప్ప ప్రేమ అని సర్టిఫికెట్ ఇవ్వడు. అప్పుడప్పుడూ సగం పిచ్చెత్తేది అని కూడా ఉన్నదున్నట్టు చెప్తాడు. నువ్వు తాతయ్యని దేవుణ్ణి చేశావు. కొడుకుని ఇంట్లోంచి గెంటినవాడు దేవుడెలా అవుతాడోయ్?

అందుకని ఒక పని చెయ్యి. కథని పాలేరు నోట చెప్పించి చూడు. పొద్దున్నే వచ్చాడు, అరుగు కడిగి ఉంది, తాతయ్యకి ఉతికిన పంచె కట్టారు, చుట్ట వాసన లేదు. అంతవరకే చెప్పించు, మిగతాది చదివేవాడు పట్టుకుంటాడు. ఇప్పుడు పెద్దకొడుకు వచ్చి కాళ్ళ మీద పడి ఒక పేజీ క్షమాపణ చెప్పుకుంటున్నాడు కదా, ఆ పేజీ తీసేసి, వచ్చాడన్న కబురు మాత్రం పక్కింటావిడ చేత ఒక్క ముక్కలో అనిపించు. అసలు వస్తాడా రాడా అన్నది ముందు నువ్వు తేల్చుకో, నాకైతే రాకపోయినా పర్లేదనిపిస్తోంది. కుదరకపోతే పాతదే ఉంచుకో, కథ నీది.

పత్రికకి ఇప్పుడే పంపకు. సంక్రాంతి లోపల మళ్ళీ రాసి నాకు పంపు, ఈసారి కాగితాల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పడెయ్యకుండా టైప్ చేసి పంపు, నా కళ్ళజోడు మారింది గానీ చూపు మారలేదు.

ఉంటాను,
మీ అన్న