ఎవరితో పెనుగులాట?

టి. నగర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మాంబళం స్టేషన్ మెట్ల మీద ఆ తల్లి చెప్పు తెగిన చోట ఆగిపోయాను, అంత బాగా వచ్చింది. నా పేచీ అంతా ఒక్క మాటతోనే. 'పెనుగులాడు' అని ఐదు చోట్ల రాశావు. మూడు కొట్టేశాను.

పెన అంటే మెలి. తీగలు పెనవేసుకున్నాయంటాం, పాములు పెనవేసుకున్నాయంటాం. ఇక్కడి తమిళ పేపర్లలో బెయిలుకి 'పిణై' అని రాస్తారు చూడు, కట్టుబడి ఉండటం అన్నమాట. అదీ మన పెనకి చుట్టమే. అంటే ఈ మాటలో ఇద్దరుండాలి, ఒకరినొకరు పట్టుకుని ఉండాలి. పైగా చివర 'ఆడు' ఉంది. పోట్లాడు, కొట్లాడు లాగా, ఒక్క దెబ్బతో తేలే పని కాదు.

నీ కథలో కుర్రాడు రంగనాథన్ స్ట్రీట్‌ బజారులో జనంతో పెనుగులాడి బయటపడ్డాడన్నావు. దీపావళి ముందు ఆ వీధి ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. కానీ అక్కడ వాణ్ణి ఎవరు పట్టుకున్నారు? తోసుకుంటూ బయటపడ్డాడు, అంతే. అదే గుంపులో దొంగ వాళ్లమ్మ గొలుసు పట్టుకుంటే, ఆవిడ వాడి చెయ్యి వదలకపోతే, అది పెనుగులాట. ఆ వాక్యం నేను ముట్టుకోలేదు.

నెలాఖరులో అద్దె కట్టడానికి కుర్రాడు తంటాలు పడ్డాడు. ఉద్యోగం మానేసి నెల్లూరు వెళ్లిపోవాలా వద్దా అని సతమతమయ్యాడు. రెండు చోట్లా నువ్వు పెనుగులాటే పెట్టావు. మాట బరువుగా ఉంటే బాధ కూడా బరువుగా కనిపిస్తుందని ఈ వయసులో అందరికీ అనిపిస్తుంది. నేనూ అలాగే 'జీవితంతో పెనుగులాట' అని రాశాను. ఒక సంపాదకుడు పక్కన ఎర్ర ఇంకుతో 'ఎవరు గెలిచారు?' అని రాసి తిప్పి పంపాడు. వారం రోజులు కోపం తగ్గలేదు.

ఇంకో సంగతి. కాళ్లు కట్టి ఆటోలో పడేసిన మేక పెనుగులాడదు, గింజుకుంటుంది. 'ఎవరితో' అని అడిగి చూడు. గింజుకోవడానికి జవాబుండదు, పెనుగులాటకి ఉండి తీరాలి. గజేంద్ర మోక్షంలో మొసలి మడుగులోకి లాగుతుంది, ఏనుగు గట్టుకి లాగుతుంది. అలా వెయ్యేళ్ల పెనుగులాట. సత్తువ ఉడిగి ఏనుగు మొర పెట్టుకున్నాక ఇక ఆ మాట పనికిరాదు.

మరి మనసులో జరిగేదానికి వాడకూడదా? వాడొచ్చు. నీ ఐదోది అదే, కథ మొత్తానికి మంచి వాక్యం కూడా అదే: 'నాన్న తాగుడుతో పెనుగులాడుతూనే ఉన్నాడు.' తాగుడు ఆయన్ని పట్టుకుంది, ఆయనా దానికి లొంగిపోలేదు. ఇద్దరూ ఉన్నారు. కానీ ఆ వాక్యం తర్వాత వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లిపోయావు. మధ్యలో ఒక్క సాయంత్రం కావాలి నాకు. ఆయన వైన్ షాపు దాకా వెళ్లి వెనక్కి తిరిగిన సాయంత్రం. అది రాసి, ఆ పేజీ ఒక్కటే పంపు.

ఆదివారం ఇంటికి రా. మీ పిన్ని పెసరట్లు వేస్తానంది.