ముక్కు పక్కన ఎర్ర గీతలు

చిట్టీ,

నువ్వు పంపిన ఫోటో చూశాను, లేజర్ చేయించుకోనా అని అడిగావు కదా. ముక్కు పక్కన సాలెగూడులా అల్లుకున్న ఆ గీతల్ని నేనూ పదేళ్లు పౌడరు కింద దాచుకు తిరిగాను. నరాలు చిట్లాయని అందరూ అంటారు గానీ, చాలావరకు అవి చిట్లినవి కావు. సన్నని రక్తనాళాలు సాగిపోయి మళ్లీ ముడుచుకోలేక అలాగే ఉండిపోతాయి. గాజు గ్లాసుతో నొక్కి చూడు. నొక్కినప్పుడు పాలిపోయి, తీయగానే మళ్లీ కనిపిస్తే అవే. నొక్కినా ఎరుపు పోకపోతే చర్మం కింద రక్తం చేరిందేమో, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించు.

లేజర్ సంగతి తర్వాత. ముందు ఎందుకొచ్చాయో తేలాలి. ఎండ, వంశం, రొసేషియా అనే ముఖం ఎర్రబారే చర్మవ్యాధి, ఇలా చాలా కారణాలుంటాయి. నా కొంప ముంచింది ఒక క్రీము. రంగు తేలుతుందంటే రెండేళ్లు రాశాను. అందులో స్టెరాయిడ్ ఉందట, చర్మం పల్చబడి నాళాలు బయటపడ్డాయి. నువ్వూ అలాంటిదేమైనా రాస్తుంటే దాచకుండా చెప్పు. ఉన్నపళంగా మానేస్తే ముఖం భగ్గుమంటుంది, ఎలా మానాలో డాక్టరే చెప్పాలి. మధ్యలో ఎర్ర చుక్క, చుట్టూ కాళ్లలాంటి గీతలు ఉన్నవి ఛాతీ మీద కూడా చాలా ఉంటే లివర్ పరీక్ష చేయించమంటారు.

ఇక లేజర్. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, నాళం మూసుకుపోతుంది, ఒళ్లు దాన్ని మెల్లగా కరిగించేసుకుంటుంది. చిక్కల్లా మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతినే పీల్చుకోవడం. నాకు మొదట ఐపీఎల్ అనే, లేజర్ లాంటి కాంతి చికిత్స చేసినవాళ్లు నా చామనఛాయను లెక్కలోకే తీసుకోలేదు. బుగ్గ మీద నల్ల చారలు పడి ఆరు నెలలు ఉన్నాయి, అద్దం చూడాలంటేనే ఏడుపొచ్చేది! అందుకే మెషీన్ పేరుతో సరిపెట్టుకోకు, దాని కాంతి తరంగదైర్ఘ్యం ఎన్ని నానోమీటర్లో అడుగు. లేజర్లలో కేటీపీ అయితే 532, పల్స్‌డ్ డై 595, ఎన్‌డీ యాగ్ 1064. మొదటిది తెల్లని చర్మానికి బాగుంటుంది. మెలనిన్ 1064ని తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మనలాంటివాళ్లకు దాన్నే ఎక్కువగా ఎంచుకుంటారు, కానీ చేయి తిరిగినవాళ్లు చేయాలి, మోతాదు మించితే మచ్చ పడుతుంది. చెవి దగ్గర చిన్న చోట చేసి, కొన్ని వారాలు ఆగి చూద్దామన్నారంటే ఆ డాక్టరును నమ్మొచ్చు.

ఒక్క సిట్టింగుతో అయిపోతుందన్నవాళ్ల మాట నమ్మకు. పల్స్‌డ్ డై తర్వాత వారం పది రోజులు ముఖం ఊదారంగులో కమిలి ఉండొచ్చు, ఫంక్షన్ల ముందు పెట్టుకోకు. ముందూ తర్వాతా సన్‌స్క్రీన్ తప్పదు. పాతవి పోయినా కొత్తవి రావచ్చు. ఉన్న గీతను చెరిపే క్రీము మాత్రం నాకు ఇంతవరకూ కనిపించలేదు.

మీ అమ్మ కాళ్ల మీద నీలం గీతలకు లేజర్ కన్నా ఇంజెక్షనే మేలు, స్క్లెరోథెరపీ అంటారు. పాలిడోకనాల్ లాంటి మందును సన్నని సూదితో నాళంలోకి ఎక్కిస్తారు. ముందు సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయించండి, లోపలి సిరల్లో రక్తం వెనక్కి జారుతుంటే పైపైన ఎన్ని మూసినా మళ్లీ వస్తాయి. తర్వాత బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. గోధుమరంగు మరకలు కొన్ని నెలలు ఉండొచ్చు, అమ్మ కంగారు పడకుండా ముందే చెప్పు. గతంలో కాలి సిరలో గడ్డకట్టి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పమను.

నువ్వు ముఖానికి రాసే క్రీము ఏదైనా ఉంటే, ఆ ట్యూబు మీద ఏం రాసుందో ఫోటో తీసి పంపు. అది చూశాకే లేజర్‌కు తేదీ తీసుకుందువు గాని.

మీ పెద్దమ్మ