వీణ కచేరీ రికార్డింగు గురించి బుజ్జమ్మకు

బొబ్బిలి,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

నీ మెసేజీ చూశాను. ఇంటర్నెట్‌లో వచ్చిన వీణ కచేరీని లాప్‌టాప్ పక్కన ఫోను పెట్టి రికార్డు చేశావట, వింటే నూతిలోంచి వచ్చినట్టుందట. మరి ఉండదేటి! స్పీకర్లోంచి గాల్లోకొచ్చి, హాస్టల్ గోడలకి కొట్టుకుని, ఫ్యాను చప్పుడుతో కలిసి ఫోన్లోకి వెళ్లిన వీణ అలాగే ఉంటుంది. గంగాళంలో పడ్డాక ముంచుకోవడం ఎందుకు, కుళాయి దగ్గరే పట్టుకో. ఆ లాప్‌టాప్‌లో నేను ఉబుంటు వేసి ఇచ్చింది ఇలాంటి పనులకే.

ఉబుంటు అంటే లైనక్సులో ఒక రకమే. లైనక్సులో శబ్దం బయటికి పోయే ప్రతి దారికీ ఒక జంట దారి ఉంటుంది. దాన్ని మానిటర్ అంటారు. తెర అనుకునేవు, ఆ మానిటర్ కాదు. స్పీకర్లకి ఏ శబ్దం పోతోందో దాని నకలే అందులోకీ వస్తుంది. మైకుతో దానికి సంబంధమే లేదు. నువ్వు వైరు హెడ్‌ఫోను పెట్టుకున్నా, పక్క మంచం పిల్ల పెద్దగా నవ్వినా రికార్డింగుకి ఏమీ అంటదు.

సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో రెండు వేసుకో: శబ్దం రికార్డు చేసే ఆడాసిటీ ఒకటి, ఏ శబ్దం ఎటు పోవాలో చెప్పే పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ ఇంకొకటి. కొత్త ఉబుంటులో శబ్దం సంగతి చూసుకోడానికి లోపల పల్స్ఆడియో బదులు పైప్‌వైర్ అనేది నడుస్తోంది, అయినా ఈ రెండోది దాంతోనూ పనిచేస్తుంది, ఖంగారుపడకు. కచేరీ మొదలుపెట్టి, ఆడాసిటీలో రికార్డు బటన్ నొక్కి, అప్పుడు వాల్యూమ్ కంట్రోల్‌లో రికార్డింగ్ ట్యాబ్ తెరువు. ఈ వరస తప్పకూడదు. రికార్డింగు నడుస్తున్నంతసేపే అక్కడ ఆడాసిటీ పేరు కనిపిస్తుంది. ఆపేశాక వెళ్తే ఖాళీగా ఉంటుంది. నేను మొదట్లో ఆ ఖాళీ ట్యాబ్ చూసి ప్రోగ్రామే చెడిపోయిందనుకుని మూడుసార్లు తీసి మళ్లీ వేశాను. ఆ పేరు పక్కన మైకు పేరు ఉంటుంది, దాని మీద నొక్కి ‘మానిటర్ ఆఫ్’ అని మొదలయ్యేది ఎంచుకో.

అది మర్చిపోతే ఏమవుతుందో నన్నడుగు. ఓసారి రెండు గంటల కచేరీ అంతా పట్టానని మురిసిపోయి మర్నాడు విన్నాను. తానం మధ్యలో కుక్కరు మూడు కూతలు, ఆ వెంటనే మీ పెద్దమ్మ “ఏవండీ, స్టవ్వు కట్టెయ్యండి!” తెర మీద గీతలు చక్కగా ఊగుతూనే ఉన్నాయి మరి, మైకు గీతలైనా ఊగుతాయిగా! అందుకే అసలు కచేరీకి ముందు ఒక నిమిషం రికార్డు చెయ్యి, లాప్‌టాప్ దగ్గర చప్పట్లు కొట్టు, తిప్పి విను. చప్పట్లు వినపడ్డాయంటే మైకులోనే ఉన్నావు.

ఇంకొకటి. నీకు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి కదా, వాటి మానిటర్ వేరు, లాప్‌టాప్ స్పీకర్ల మానిటర్ వేరు. మధ్యలో అవి తగులుకుంటే పాట అటు మళ్లిపోతుంది, నీ ఫైల్లో నిశ్శబ్దం మిగులుతుంది. ఆ రెండు గంటలూ వైరు హెడ్‌ఫోనే వాడు. ఆడాసిటీలో ప్లేత్రూ, అంటే రికార్డవుతున్నదాన్ని అప్పుడే వినిపించే సెట్టింగు, ఆపి ఉంచు, లేకపోతే వచ్చిన శబ్దమే మళ్లీ లోపలికెళ్లి మోగుతుంది. వాట్సాప్ వెబ్ కూడా మూసెయ్యి, మెసేజీ వచ్చిన టింగుమనే చప్పుడూ ఆ దారిలోనే పోతుంది. ఆలాపనలో పడిందంటే దాన్ని పీకడం నా వల్ల కూడా కాదు.

గీతలు పైఅంచుకి తగలకూడదు. తగిలిన చోట శబ్దం చిట్లుతుంది, తర్వాత తగ్గించినా బాగుపడదు. ఆడాసిటీ మీటర్లో శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకో. రికార్డింగు నాణ్యతకి 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో చాలు. నెట్‌లో వచ్చేదే కుదించిన శబ్దం, నువ్వు 24 బిట్ పెట్టినంత మాత్రాన పోయిన నాదం తిరిగి రాదు. ఆ లెక్కన నిమిషానికి సుమారు 10.6 ఎంబీ, గంటకి 635 ఎంబీ. డిస్కులో చోటు చూసుకుని కూర్చో. అయ్యాక ఫ్లాక్ అనే ఫైలు రకంలో దాచుకుంటే నాణ్యత తగ్గకుండా సైజు బాగా తగ్గుతుంది.

కరెంటు పోతే లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, హాస్టల్ రౌటర్‌కి లేదు. ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకో. పవర్ సెట్టింగుల్లో సస్పెండ్ ఆపెయ్యి, మూత వెయ్యకు. క్లాసు వేళకి కచేరీ ఉంటే ఆడాసిటీలో టైమర్ రికార్డ్ ఉంది. కానీ బ్రౌజర్లో పాట నువ్వే ముందుగా నడిపించి వెళ్లాలి, అది టైమర్ చెయ్యదు.

ఆ ఫైలు నీ సాధనకే ఉంచుకో. గమకం దగ్గర ఆపి పదిసార్లు విను, అంతేగానీ కాలేజీ గ్రూపులో పెట్టకు. వాయించినాయన్ని అడక్కుండా పంచడం నాకు నచ్చదు.

ఆ ఒక నిమిషం ముక్క ముందు నాకు పంపు, విని చెప్తాను. సిరిమాను పండక్కి మేమిద్దరం విజయనగరం వస్తాం, మిగతాది పెన్‌డ్రైవ్‌లో ఇద్దువుగాని. ఛార్జరు పిన్ను దగ్గర టేపు చుట్టాను, వైరు పట్టుకుని లాగకు.

మీ పెదనాన్న